సైరనమ్మ నోరు మూసుకున్న రోజులు

మా పరిశోధన సంస్థను చూడ్డానికి పైనుంచి వచ్చిన నిపుణులవారు కోడిపిల్లల గదిలోని నీళ్లతొట్టిలో కూర్చున్నారు. తొట్టి కోడిపిల్లల కొలతకు చేయించింది కనుక వారికి పూర్తిగా సరిపోలేదు. నీళ్లు గోరువెచ్చగా ఉన్నాయి. ఈ సంగతి తరువాత జరిగిన విచారణలో అందరూ ఒప్పుకున్నారు. కూర్చోవాలన్న ఉద్దేశం వారికి మొదట లేదు. బయటి బూట్లతోనే గది మధ్యదాకా వచ్చి, చేతులు వెనక్కు కట్టుకుని, దీపాల వెచ్చదనాన్ని మెచ్చుకుంటూ ఉండగా లోపలి గదిలోంచి ఒక కేక వచ్చింది.

"ఎవరది? ఆ బూట్లేమిటి? ఇదేమన్నా బస్టాండు అనుకున్నారా?"

వారు ఒక అడుగు వెనక్కు వేశారు. వెనక తొట్టి ఉంది. అంతే జరిగింది. లేపడానికి నేనొక చెయ్యి, మా విభాగం పెద్ద డాక్టరుగారొక చెయ్యి పట్టుకున్నాం. వారితోపాటు తొట్టి కూడా కొంతదూరం లేచి వచ్చింది.

కేక వేసినావిడ మా వదిన. అంటే మా ఆవిడకు స్వయానా అక్క. నేను ఆ సంస్థలో ఎలక్ట్రీషియన్ని, ఆవిడ కోడిపిల్లల గది చూసుకునే మనిషి. ఎదుటపడితే అందరూ "అమ్మా" అంటారు, మలుపు తిరిగాక "సైరనమ్మ" అంటారు. ఆ పేరు ఆవిడకు తెలుసు. ఒకసారి నన్ను పిలిచి, "మరిదీ, ఆ పేరు పెట్టిందెవరో కనుక్కో, చెవి మెలిపెట్టాలి" అంది. కనుక్కుంటానన్నాను. ఇంకా కనుక్కుంటూనే ఉన్నాను. నా చెవులు నాకు ముఖ్యం.

ఆ గొంతు ఆవిడకు పుట్టింటివాళ్లు పెట్టిన ఆస్తి. మా మామగారికి పిండిమిల్లు ఉండేది. ఇల్లు, మిల్లు ఒకే కప్పు కింద. "నీళ్లు కావాలి" అన్న చిన్నమాట కూడా అక్కడ కేకగానే పుట్టాలి, లేకపోతే పిండిలో కలిసిపోతుంది. రాత్రి మిల్లు ఆగాక కూడా ఆ ఇంట్లో గొంతులు ఆగేవి కావు. మా ఆవిడ కూడా ఆ ఇంటి పిల్లే. ఆ సంగతి ఇక్కడ అప్రస్తుతం. వదిన తన ఇద్దరు పిల్లల్నీ ఆ గొంతుతోనే పెంచింది. ఇద్దరూ ఇప్పుడు ఎంత గోలలోనైనా హాయిగా నిద్రపోగలరు. గోల లేని చోటే కాస్త ఇబ్బంది పడతారని విన్నాను.

ఉద్యోగంలో చేరింది నేల ఊడవడానికి. ఒకసారి పిల్లలగది చూసుకునే మనిషి రాకపోతే ఈవిడను పంపారు. ఆ పూట గుడ్లు పొదిగే పెట్టెలో వేడి తగ్గిందని మొత్తం భవనానికి వినబడేలా చెప్పింది. అప్పటినుంచి ఆ గది ఆవిడదే. గుడ్డు పెట్టెలో పెట్టిన దగ్గర్నుంచి ప్రతిదానికీ సొంత పిల్లలకు పడ్డట్టే తిట్లు పడతాయి.

"పొద్దెక్కింది, ఇంకా లోపలే ముడుచుకుని పడుకున్నావా? పక్కది అప్పుడే పెంకు కొడుతోంది, నీకేం రోగం?"

బయటికొచ్చాక ఇంకా బాగా పడతాయి. "నీళ్లగిన్నెలో కాళ్లు పెట్టి ఆ నీళ్లే తాగుతావా? నీ తెలివి తెల్లారినట్టే ఉంది! ఏయ్, దాని నెత్తినెక్కి తొక్కుతావేం, అది మెత్తగా ఉందని కదూ?"

ఇక ఆ గదిలో జరిగే చదువేమిటో చెప్పాలి. నాకూ చాలాకాలం తెలియదు. అక్కడ పరిశోధన చేసే అమ్మాయిని అందరం "థీసిస్ పిల్ల" అంటాం. ఓసారి నేను నిచ్చెన మీద ఉండగా అడిగితే నాకు అర్థమయ్యేలా చెప్పింది.

"బాబాయ్, మెదడులో కణాల మీద సాకెట్లలాంటివి ఉంటాయనుకోండి. మేం గ్రాహకాలంటాం. ఒంట్లోనే తయారయ్యే ఒక రసాయనం వచ్చి ప్లగ్గులా అందులో కూర్చుంటే మెదడు నెమ్మదిస్తుంది. మందుబిల్లలు కొన్ని కూడా అక్కడే పనిచేస్తాయి."

"కూర్చోకపోతే?"

"గుండె దడదడ, కాళ్లు గడగడ. మేం చూసేదేంటంటే, కోడిపిల్లకి ఉన్నట్టుండి భయం తగిలితే ఆ సాకెట్ల సంఖ్య కాసేపట్లోనే మారుతోంది. పెరుగుతోందని నా లెక్క. భయపడ్డ మెదడు, తనను తాను ఊరడించుకోవడానికి ఇంకొన్ని తలుపులు తెరుచుకుంటుందేమో."

మా ఇంట్లో ఒక్క సాకెట్టు కొత్తగా పెట్టాలన్నా గోడ పగలగొట్టాలి. గుప్పెడంత ప్రాణి తలలో, కాస్త భయానికే ఆ పని జరిగిపోతుందంటే నాకు చిన్నతనంగా అనిపించింది.

భయపెట్టడానికే ఆ తొట్టి. పొడుగు తొట్టిలో గోరువెచ్చని నీళ్లు పోసి, సగం పిల్లల్ని కాసేపు ఈదనిచ్చి, తీసి తుడుస్తారు. మిగతా సగాన్ని ముట్టుకోరు. తరువాత రెండు జట్లకూ ఒకటే గతి. మెదడు బయటికి తీస్తే గాని సాకెట్లు లెక్కకు రావు. ఆ పని పక్కగదిలో, తలుపు వేసి, రెప్పపాటులో చేస్తారు. కాగితాల మీద దాన్ని ఏదో పెద్దమాటతో రాస్తారు. వదిన మాత్రం "చంపడం" అంటుంది. అలా అన్నప్పుడల్లా మేమంతా గోడగడియారం వంక చూస్తాం. చూసినప్పుడల్లా నేను దాని బ్యాటరీ మార్చాలనుకుంటాను, బయటికొచ్చాక మరిచిపోతాను.

నిపుణులవారు తడిసిన మర్నాడు ఉత్తర్వు వచ్చింది. పిల్లలగదిలో ఎవరూ గొంతెత్తరాదు. అరుపులు ప్రయోగాన్ని చెడగొడతాయి. వినడానికి న్యాయంగానే ఉంది. భయం మీద పరిశోధన జరిగే చోట సైరన్ మోగడమేమిటని పెద్ద డాక్టరుగారికి ఇన్నేళ్ల తరువాత, తడి ప్యాంటు చూశాక తోచింది. "నిశ్శబ్దం" అని ఒక బోర్డు రాయించారు. కొట్టే పని నాకు పడింది.

నేను మేకు పెట్టి సుత్తి ఎత్తేసరికి వదిన వచ్చి పక్కన నిలబడింది. కళ్లలో నిప్పులు.

"కొట్టు" అంది.

"వదినా, నాకు చెప్పారు గనక..."

"కొట్టవయ్యా. గట్టిగా కొట్టు. ఇంకో మేకుంటే తీసుకొచ్చి నా నోటికి కూడా ఒకటి కొట్టు. వాళ్లెవరో చూసుకోకుండా తొట్టిలో పడితే నా గొంతు పాపం! తొట్టికి లేదు పాపం, బూట్లకి లేదు పాపం. గుమ్మం దగ్గర రబ్బరు చెప్పులు పెట్టింది దేనికి, అలంకారానికా? రోగం మోసుకొచ్చి నా పిల్లల మీద పడేస్తే అప్పుడెవరు తడుస్తారు? సరే. నిశ్శబ్దం కావాలన్నారుగా. ఇస్తాను. కడుపునిండా ఇస్తాను!"

అదే ఆవిడ ఆఖరి మాట. అక్కడితో నోటికి తాళం పడింది.

కోపమొస్తే అరిచే మనిషిని భరించవచ్చు. కోపమొచ్చి అరవడం మానేసిన మనిషి పక్కన నిలబడి చూడండి, తెలుస్తుంది. వదిన గిన్నెలు కడుగుతుంది, చప్పుడుండదు. మేత పోస్తుంది, చప్పుడుండదు. నేను తలుపు తెరిచి మరిచిపోతే తలుపు వంక, నా వంక, మళ్లీ తలుపు వంక చూస్తుంది. నేనే వెళ్లి మూసేవాణ్ణి. మనసులో దాచుకున్న తిట్టు పైకి అన్నదానికంటే పొడుగ్గా ఉంటుందని నాకు అప్పుడే తెలిసింది.

ఇంట్లోనూ అంతే. మేం మేడమీద వాటాలో, వాళ్లు కింద వాటాలో ఉంటాం. మా తోడల్లుడు టైలరు. వీధివైపు గదిలోనే మిషను. సౌమ్యుడు. ఒకరోజు మెట్లెక్కి వచ్చి, మా ఆవిడ ఇచ్చిన మంచినీళ్లు కూడా తాగకుండా నా పక్కన కూలబడ్డాడు.

"తమ్ముడూ, మీ వదిన నన్ను ఏమీ అనడం లేదు. నేనేం తప్పు చేశానో నీకేమన్నా తెలుసా?"

"నీ తప్పు కాదన్నయ్యా. ఆఫీసు గొడవ."

"పెన్సిలు చెవి మీద పెట్టుకుని ఇల్లంతా అదే పెన్సిలు వెతికాను. మామూలుగా అయితే వీధి చివరిదాకా వినబడాలా? ఏమీ అనలేదు. మెల్లగా తీసి చేతికిచ్చింది. చేతికిచ్చింది తమ్ముడూ! ఆ తరువాత నాకు చేతులాడలేదు. చొక్కాకి రెండు ఎడమ చేతులు కుట్టాను."

"చూసుకోలేదా?"

"తొడుక్కున్నాయన కూడా చూసుకోలేదు. డబ్బులిచ్చి, గుమ్మం దాటి, ఎదురుగా వచ్చిన మనిషిని పలకరించడానికి చెయ్యెత్తబోయాడు. అప్పుడు తెలిసింది."

గదిలో పిల్లల సంగతి కూడా తేడాగానే ఉంది. ఇదివరకు నేను వైర్లు సవరిస్తుంటే కింద కువకువమని ఒక సన్నటి సందడి ఉండేది, ఎవరో పక్కగదిలో కబుర్లు చెప్పుకుంటున్నట్టు. ఇప్పుడు చెవులు చిల్లులు పడేలా కీచుకీచుమనడమే. తలుపు తెరిస్తే చాలు, అన్నీ ఒక మూలకు ఉరికి ఒకదాని మీద ఒకటి పడేవి. వేడి చాలలేదనుకుని నేను దీపాలు మార్చాను. మేత పడలేదనుకుని వదిన మేత మార్చింది. గాలి తగులుతోందని సైగ చేసి కిటికీ సందులు మూయించింది. ఎన్ని మార్చినా కీచుమనడం మారలేదు. ఆవిడ మోకాళ్ల మీద కూర్చుని వాటివైపు వంగి, పెదవులు బిగించి, మెడ నరాలు పొంగేలా చూస్తూ ఉండేది. ఒక్క మాట లేదు. బోర్డు సరిగ్గా ఆవిడ తల మీదే వేలాడుతుండేది. దాన్ని అంత గట్టిగా కొట్టినందుకు నా మీద నాకే ఒళ్లు మండేది.

థీసిస్ పిల్ల లెక్కలు వచ్చాయి. పుట్టి మునిగింది. నీళ్లలో ఈదిన పిల్లల మెదళ్లలో ఎన్ని సాకెట్లున్నాయో, ఎవరూ ముట్టుకోని పిల్లల మెదళ్లలోనూ ఇంచుమించు అన్నే ఉన్నాయి. అంటే ఏమీ చెయ్యనివి కూడా అప్పటికే హడలిపోయి ఉన్నాయన్నమాట. భయపడ్డవాటిని భయపడ్డవాటితో పోల్చి ఏం తేలుస్తారు?

పెద్ద డాక్టరుగారు అగ్గి మీద గుగ్గిలమయ్యారు. వదినను పిలిపించారు. ఫ్యాను బాగుచేసే నెపంతో నేనూ ఆ గదిలోనే ఉన్నాను. ఫ్యాను బాగానే ఉంది.

"ఎవరూ లేనప్పుడు అరుస్తున్నారు కదూ?" అన్నారాయన.

వదిన మాట్లాడలేదు.

"మిమ్మల్నే. మంచిగా చెప్పాను, బోర్డు పెట్టాను. అయినా పిల్లల్ని బెదరగొడుతూనే ఉన్నారు. లేకపోతే ముట్టుకోని పిల్లలు ఎందుకలా హడలిపోతాయి? మాట్లాడరేం?"

వదిన చెయ్యెత్తి, గోడకవతల బోర్డు ఉన్న వైపు వేలు చూపించింది.

ఆయనకు గొంతులో పచ్చి వెలక్కాయ పడింది. పడ్డా మింగేశారు. "వచ్చే బ్యాచ్ అయ్యాక మీరు కింద గాజుసామాను కడిగే గదికి వెళ్లండి. అక్కడ ఎంత అరిచినా పగిలేది గాజే."

అది హాస్యమనుకున్నారు. నవ్వడానికి గదిలో నేనొక్కణ్ణే ఉన్నాను. నేను ఫ్యానువైపు తిరిగాను. ఇన్నేళ్ల చాకిరీకి ఇదా బహుమానం అనుకుంటూ, బాగానే ఉన్న ఫ్యానుకు ఒక స్క్రూ ఊడదీశాను. ఈసారి విచారణ లేదు, ఆరా లేదు. అరిచే మనిషి కనుక అరిచే ఉంటుంది. అంతే లెక్క.

వరండాలో వదిన నన్ను ఆపింది. ఎన్నాళ్లకో నోరు విప్పింది. విప్పింది కాని గొంతు రాలేదు, గాలిలాంటి గుసగుస వచ్చింది.

"అరిచినన్నాళ్లూ అరుస్తుందన్నారు. నోరు కుట్టుకుంటే దొంగచాటుగా అరుస్తుందన్నారు. నేనింక ఏం చేస్తే వీళ్లకి నచ్చుతుంది మరిదీ? నేను లేకపోతే ఆ పిల్లలకి నీళ్లు ఎవడు మారుస్తాడు? రెక్కపట్టి ఎత్తేవాడొస్తాడు, కాలుపట్టి ఎత్తేవాడొస్తాడు. నన్ను తీసుకెళ్లి సీసాల మధ్య పెడతాడా? సీసాలకి నేనేం చెప్పుకోను?"

ఆ గది పోతే వదిన ఏమవుతుందో నాకు తెలుసు. రెండు ఎడమ చేతుల చొక్కాలు చాలా చూడాల్సి వస్తుంది.

మర్నాడు థీసిస్ పిల్ల నా నిచ్చెన కిందికొచ్చి నిలబడింది. రాత్రంతా ఏడ్చినట్టుంది, ముక్కు ఎర్రగా ఉంది.

"బాబాయ్, పోయిన బ్యాచ్‌కీ ఈ బ్యాచ్‌కీ మధ్య ఈ గదిలో ఏమేం మారాయి?"

"దీపాలు మార్చాను. కాని అది పిల్లలు గోల మొదలెట్టాక."

"అంతకు ముందు?"

"ఏం లేదమ్మా. బోర్డు కొట్టాను."

ఆ పిల్ల బోర్డు వంక చూసింది. చాలాసేపు చూసింది. ఆ తరువాత లోపలి గది తలుపుకున్న అద్దంలోంచి, అవతల గిన్నె తోముతున్న వదిన వంక చూసింది.

"గుడ్డులో ఉండగానే వాటికి చెవులు వినబడతాయి బాబాయ్" అంది నెమ్మదిగా. "పొదిగే తల్లి గొంతు లోపల్నుంచే గుర్తుపడతాయి. బయటికొచ్చాక ఆ గొంతు వినబడితే నిశ్చింత, వినబడకపోతే కంగారు. వీటికి తల్లి లేదు. ఇన్నాళ్లూ ఇక్కడి పిల్లలన్నీ గుడ్డులోంచి విన్నదల్లా..."

"తిట్లు" అన్నాను.

"తిట్లే. ఈ బ్యాచ్ గుడ్లకి కూడా మొదట్లో పడ్డాయి. మధ్యలో మనం ఆపేశాం."

అనుకోవడం వేరు, తేల్చడం వేరు కదా. రెండు గదుల్లో రెండు పెట్టెల గుడ్లు పెడదామంది. ఒకచోట మొదట్నుంచీ వదిన మామూలుగా ఉండాలి. ఇంకోచోట మొదట్నుంచీ ఎవరూ మాట్లాడకూడదు. పెద్ద డాక్టరుగారి దగ్గరికెళ్లి వాదించింది. ఆయన ఒక్కసారికి ఒప్పుకున్నారు. తేలితే సరి, తేలకపోతే గాజుసామాను గది.

అసలు చిక్కు అప్పుడొచ్చింది. గుడ్లు సిద్ధం. బోర్డు తీసేశాను. థీసిస్ పిల్ల చేతులు కట్టుకుని నిలబడి, "ఊఁ, పెద్దమ్మా, ఇక కానివ్వండి" అంది.

వదిన పెట్టె ముందు నిలబడింది. గొంతు సవరించుకుంది. కొంగు సర్దుకుంది. ఒకసారి నా వంక చూసింది.

"ఏమ్మా గుడ్లూ, బాగున్నారా?" అంది.

అంత మర్యాద ఆ గది గోడలు ఎన్నడూ విని ఉండవు. నేను నవ్వాపుకోలేక దగ్గాను.

"అది కాదు పెద్దమ్మా, మామూలుగా..."

"మామూలుగా అంటే? తిట్టమంటే ఎట్లా తిడతానే పిల్లా? మీట నొక్కితే దీపం వెలిగినట్టా? కోపం రావద్దూ?"

థీసిస్ పిల్ల నా వంక చూసింది. ఆ చూపు నాకు అర్థమైంది. నా బతుక్కి ఇది తప్పదనుకుని బయటికి వెళ్లాను. రబ్బరు చెప్పులు విప్పి, బురద అంటిన నా సొంత చెప్పులు తొడుక్కుని, పాట కూనిరాగం తీస్తూ లోపలికొచ్చాను. తలుపు బార్లా వదిలేశాను. వచ్చి మేత బస్తా మీద కూర్చున్నాను.

అన్నాళ్లు అణిచిపెట్టిన గొంతుకు ఒక్కసారిగా కట్ట తెగింది.

"ఏవయ్యా! బుర్ర ఇంట్లో పెట్టి తాళం వేసుకొచ్చావా? ఆ కాళ్లేమిటి, ఆ బురదేమిటి! లే! లేవమంటుంటే! అది మేతయ్యా, నీ అత్తారింటి సోఫా కాదు! ఆ తలుపు మీ తాత వచ్చి మూస్తాడా? ఇంత వయసొచ్చింది, జుట్టు నెరిసింది, బుద్ధి మాత్రం పొదగడానికి పెట్టిన చోటే మురిగిపోయింది! మా చెల్లెలు ఎట్లా వేగుతోందో నీతో!"

అత్తారింటి సోఫా సంగతి అనవసరంగా వచ్చింది. ఆ సోఫా నా కింద విరిగిన మాట నిజమే కాని, అది అప్పటికే పాతది.

ఆ రోజునుంచి పిల్లలు బయటపడేదాకా నా పని అదే. ఒకరోజు సుత్తి గుడ్ల పెట్టె మీద పెట్టేవాణ్ణి. ఒకరోజు మేత చేట తలకిందులుగా బోర్లించేవాణ్ణి. నిచ్చెన తీసుకెళ్లి సరిగ్గా ఆవిడ నడిచే దారికి అడ్డంగా నిలబెట్టేవాణ్ణి. కొన్నాళ్లకు ఆవిడకు అనుమానం వచ్చింది. నా చెయ్యి పట్టుకుని గోడకు నిలబెట్టింది.

"నాకు కోపం తెప్పించడానికి వస్తున్నావా నువ్వు?"

"శాస్త్రం కోసం వదినా."

"నాకు కోపం తెప్పించడానికి నువ్వెవడివయ్యా? నా కోపం నాకు రాదా? నాకు కోపమొచ్చే సంగతులు ఈ భవనంలో తక్కువయ్యాయా, నువ్వు చెప్పులేసుకుని రావాలా?"

ఆ తరువాత నా అవసరం పడలేదు. గుడ్లకు రోజంతా తిట్లు ధారగా పడ్డాయి. వాటిలో సగం పెద్ద డాక్టరుగారికి తగలాల్సినవి.

పిల్లలు బయటపడ్డాయి. మాటల్లేని గదిలో, అద్దంలోంచి తల కనబడితే చాలు, మూలకు ఉరికి కీచుమనేవి. వదిన గదిలో కూడా మనిషి వస్తే ఉలిక్కిపడేవి. అంతలో "ఏం పుట్టి మునిగిందని ఆ పరుగు? వచ్చింది మా మరిదే, ఆ మొహాన్ని చూసి భయపడేదేముంది?" అని వినబడేది. కీచుమనడం కువకువలోకి దిగేది. తిట్టు పొడుగైన కొద్దీ కళ్లు మూతలు పడేవి. తిట్టు పూర్తయ్యేసరికి సగం పిల్లలు ఒకదానికొకటి ఆనుకుని నిద్ర. నేను పనిముట్లు పట్టుకుని అలాగే నిలబడిపోయాను. నాక్కూడా కొంచెం ఆవలింత వచ్చింది.

లెక్కలు కూడా అదే చెప్పాయి. వదిన గదిలో ముట్టుకోని పిల్లలు నిమ్మళంగా, నీళ్లలో ఈదినవి వేరుగా, స్పష్టంగా తేలాయి. మాటల్లేని గదిలో రెండూ కలగాపులగం. థీసిస్ పిల్ల పరుగెత్తుకొచ్చి వదినను కావలించుకుంది.

"పెద్దమ్మా, మీరు వాటిని భయపెట్టడం లేదు. మీ గొంతే వాటి ధైర్యం! మీరు తిడితే వాటి మెదడు నెమ్మదిస్తోంది!"

సంతోషిస్తుందనుకున్నాం. వదిన మొహం ఎర్రబడింది.

"అంటే నేను ఇన్నేళ్లూ తిట్టిన తిట్లకి ఒక్కటి కూడా భయపడలేదా?"

"లేదు పెద్దమ్మా!"

"జోలపాటనుకున్నాయా?"

థీసిస్ పిల్ల ఆనందంగా తలూపింది. ఊపడం మధ్యలో ఆగింది. వదిన చేతిలోని గిన్నె నేలకేసి కొట్టింది. నీళ్లు నా మోకాళ్లదాకా చిందాయి. గదిలో ఉన్న కొత్త బ్యాచ్ పిల్లలు మాత్రం కదల్లేదు.

"అయితే ఈ మాట నాకెందుకు చెప్పారే?" అంది. "పళ్లెంలో పెట్టి పక్కగదికి పంపేది ఎవరు? నేను. 'కదలకుండా నిలబడు సన్నాసీ' అని తిడుతూ పంపేది ఎవరు? నేను. అవి గింజుకోవడం లేదే, ఎంత బుద్ధిమంతులో అనుకునేదాన్ని. తిడుతోందిలే, మన మనిషే ఉందిలే, ఏం కాదులే అని ధీమాగా వెళ్తున్నాయన్నమాట! నా గొంతు నమ్ముకుని!"

ఆ పూట ఎవరం గడియారం వంక చూడలేదు.

అదే సమయానికి పెద్ద డాక్టరుగారు మొహం చేటంత చేసుకుని వచ్చారు. గాజుసామాను గది మాట మరిచిపొమ్మన్నారు. ఇకమీదట ఈ గదిలో వదిన గొంతు ఉండి తీరాలన్నారు. "మీ ఇష్టం వచ్చినంత అరవండమ్మా."

"మీరు అరవమంటే అరవడానికి, వద్దంటే మానడానికి నేను రేడియోనా సార్?" అంది వదిన. "ఉంటాను. కాని ఒక్క మాట. ఇకనుంచి పళ్లెం గుమ్మం దగ్గర ఎవరి చేతికో ఇవ్వను. లోపలిదాకా నేనే తీసుకొస్తాను. చివరిదాకా నేను మాట్లాడుతూనే ఉంటాను. నన్ను నమ్ముకుని వచ్చినవాటిని గుమ్మం దగ్గర వదిలేసి పోను."

"ఆ గదిలోకి మీలాంటి సిబ్బందికి అనుమతి లేదమ్మా. రూల్సు ఒప్పుకోవు."

"అయితే గాజుసామాను ఎక్కడుందో చూపించండి."

ఆయన థీసిస్ పిల్ల వంక చూశారు. ఆ పిల్ల ఆయన వంక చూడకుండా నేల మీద గిన్నె తీసి బల్ల మీద పెట్టింది. చివరికి ఆయన చెయ్యి ఊపి, సరేనన్నట్టు ఏదో గొణిగి వెళ్లిపోయారు.

ఇప్పుడు ఆ పని ఉన్న రోజున మూసిన తలుపు వెనకనుంచి వదిన గొంతు వరండాదాకా వినబడుతుంది. "ఏంటా వణుకు? నేను లేనూ? తల ఎత్తు, తింగరి మొహమా. ఎత్తు." కాసేపయ్యాక ఆగిపోతుంది. తలుపు తెరుచుకుంటుంది. వట్టి పళ్లెంతో బయటికొస్తుంది. అప్పుడు ఆవిడకు తిట్టడానికి ఎవరో ఒకరు కావాలి. నేను ముందే నిచ్చెన తెచ్చి దారికి అడ్డంగా పెట్టి ఉంచుతాను.

ఇంట్లో పరిస్థితి మెరుగుపడింది. మా తోడల్లుడు పెన్సిలు పోగొట్టుకున్నప్పుడల్లా మా మేడ మెట్లు అదురుతున్నాయి. చొక్కాలకు ఒక కుడి, ఒక ఎడమ చెయ్యి వస్తున్నాయి.

మొన్న నిపుణులవారు మళ్లీ వచ్చారు. తొట్టి ఎక్కడుందో ముందే కనుక్కుని, దానికి దూరంగా, గుమ్మానికి దగ్గరగా నిలబడ్డారు. బూట్లు మాత్రం విప్పలేదు. లోపల వదిన దీపాల కింద గుంపుగా చేరిన పిల్లల్ని భవనం అదిరేలా తిడుతోంది. అవి ఒక్కొక్కటీ తల వాలుస్తున్నాయి. వారు చెవిలో వేలు పెట్టుకుని విసుక్కున్నారు.

"ఇంకా అవే కేకలా? కాస్త మెల్లగా మాట్లాడలేరామ్మా మీరు?"

వదిన తల తిప్పి వారి కాళ్ల వంక చూసింది.

"మెల్లగా మాట్లాడితే పిల్లలు లేస్తాయి, ముందు ఆ బూట్లు విప్పండి!"